మార్కెట్‌ను బైపాస్ పక్కకు పంపకండి: మా మునిసిపల్ కౌన్సిల్‌కు బహిరంగ లేఖ

చైర్‌పర్సన్ గారికి, కమిషనర్ గారికి, వార్డు కౌన్సిలర్లందరికీ నమస్కారం.

పోయిన నెల కౌన్సిల్ మీటింగులో ఊరి ఆర్థిక వ్యవస్థను బలోపేతం చేయడానికి ఒక తీర్మానం పెట్టారని మా వార్డు కౌన్సిలర్ గారు చెప్పారు. పాత కూరగాయల మార్కెట్ స్థలంలో మూడంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్ కడతారట, ఇప్పుడు అక్కడ కూర్చుని అమ్ముకునేవాళ్లను బైపాస్ పక్కన ఖాళీ స్థలానికి పంపుతారట, కాలవ గట్టు మీద ఫుడ్ స్ట్రీట్ వస్తుందట. ఊళ్లో వ్యాపారం పెరగాలని, పిల్లలు పనుల కోసం హైదరాబాదు పోకుండా ఇక్కడే నిలబడాలని మీరు ఆలోచిస్తున్నందుకు నాకు చాలా సంతోషం. ఫుడ్ స్ట్రీట్ మీద నాకే అభ్యంతరం లేదు. కానీ మార్కెట్ సంగతి విన్న దగ్గర్నుంచి మనసు మనసులో లేదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

ఊరి పేరు రాయడం లేదు. ధవళేశ్వరం దిగువన ఏ పట్టణంలో ఉన్నవాళ్లు చదివినా ఇది మా ఊరి సంగతేనేమో అనుకుంటారు, అనుకోనివ్వండి, వాళ్ల కౌన్సిల్‌కూ పనికొస్తుంది.

నేను మార్కెట్ వీధిలో దారాలు, గుండీలు, హుక్కులు, ఫాల్స్, లైనింగ్ గుడ్డ అమ్మే చిన్న కొట్టు నడుపుతున్నాను. పంతొమ్మిదేళ్లయింది. అంతకుముందు మా అమ్మ అదే వీధిలో గోనె పరుచుకుని ఇరవై ఆరేళ్లు కూరగాయలు అమ్మింది. ఆవిడకు ముందు మా అమ్మమ్మ, అదే వేపచెట్టు కింద. నేను పదో తరగతి చదివింది, నా పెళ్లి, ఈ కొట్టుకు కట్టిన అడ్వాన్సు అన్నీ ఆ గోనె మీద నుంచి వచ్చిన డబ్బే.

మీరెవరైనా ఒక్కసారి తెల్లవారుజామున నాలుగున్నరకు రేవు దగ్గర నిలబడి చూశారా? గోదావరి మధ్యనున్న లంక ఊళ్ల నుంచి పంటు, అంటే నది దాటించే పడవ, వస్తుంది. దిగే ఆడవాళ్ల నెత్తిన గంపలు, మగవాళ్ల సైకిళ్లకు రెండు పక్కలా అరటి గెలలు, ఎవరో ఒకరి చేతిలో కట్టేసిన కోడి. వంకాయలు, దొండకాయలు, ఆనపకాయలు, తోటకూర కట్టలు, అన్నీ ముందు రోజు సాయంత్రం లంకలో కోసినవే. గట్టెక్కి మార్కెట్‌కు వచ్చేసరికి ఐదు. ఐదున్నరకు బోణీ. ఎనిమిదింటికి సగం గంప ఖాళీ అయిపోతుంది, పదింటి పంటుకు మళ్లీ ఇంటికి. ఈ మధ్యలో ఆ డబ్బు ఎక్కడికి పోతోందో తెలుసుకుందామని ఒక రోజు నేను, మా వదిన కలిసి మా కొట్టు ఎదురుగా కూర్చునే ఒక పెద్దమ్మను అడిగి లెక్క రాశాం. ఆ పొద్దుట ఆవిడ అమ్మకం 640 రూపాయలు. టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ, టీ. కిరాణా కొట్లో నూనె ప్యాకెట్టు, కందిపప్పు, సబ్బు. మందుల షాపులో వాళ్లాయన బీపీ మాత్రలు. మా కొట్లో మనవరాలి గౌనుకు జిప్పు, ఒక దారపుండ. మొత్తం 410 రూపాయలు ఈ వీధి దాటకముందే ఖర్చయ్యాయి. టిఫిన్ బండి అబ్బాయి అదే రోజు మధ్యాహ్నం నా దగ్గరకొచ్చి గల్లా సంచీకి గట్టి దారం కొన్నాడు, ఆ డబ్బుతో నేను సాయంత్రం కిరాణా కొట్లో పాత బాకీ కొంత తీర్చాను. మీరు తీర్మానంలో రాసుకున్న ఆర్థిక వ్యవస్థ ఇదేనండీ. ఇది ఎవరూ పెట్టుబడి పెట్టకుండా, ఎవరూ శంకుస్థాపన చేయకుండా రోజూ తెల్లారేసరికి నడుస్తోంది.

ఇప్పుడు ఆ పెద్దమ్మను బైపాస్‌కు పంపితే ఏమవుతుందో చూడండి. రేవు నుంచి అక్కడికి రెండున్నర కిలోమీటర్లు. గంపతో నడవలేదు, ఆటో ఎక్కాలి, గంపకు విడిగా తీసుకుంటారు కాబట్టి రానూ పోనూ ఎనభై రూపాయలు. బస్టాండు దిగి ఇంటికి పోతూ అరకేజీ బెండకాయలు కొనుక్కునేవాళ్లు, గుడికొచ్చి తమలపాకులు తీసుకునేవాళ్లు, పొద్దున్నే వాకింగ్‌కు వచ్చి తోటకూర పట్టుకెళ్లే రిటైరైన మాస్టార్లు, వీళ్లలో ఒక్కరూ బైపాస్‌కు రారు. బైపాస్ మీద బండి ఆపే మనిషి మరీ అవసరమైతేనే ఆపుతాడు. కార్లున్నవాళ్లు ఇప్పటికే ఏసీ షాపుల్లో కొంటున్నారు. నెల తిరిగేసరికి ఆ పెద్దమ్మ అమ్మడం మానేసి కూలికి పోతుంది, ఆవిడ మానేసిన రోజున నా కొట్టు ముందు నడిచే కాళ్లు తగ్గిపోతాయి. కూరగాయలకొచ్చినవాళ్లే నా గిరాకీ. దారం కోసమని ఇల్లు కదిలి వచ్చేవాళ్లు ఊళ్లో పది మంది ఉంటారేమో.

కాంప్లెక్స్ విషయానికొస్తే, మన బస్టాండు ఎదురుగా ఉన్న పాత మునిసిపల్ కాంప్లెక్స్ పై అంతస్తు షట్టర్లు ఎన్నాళ్లుగా దించి ఉన్నాయో మీకే బాగా తెలుసు. కింద గదులకు వేలం పాట పెరుగుతుంది, మేడ ఎక్కి కొనేవాళ్లు ఉండరు కాబట్టి పై గదులకు పాటదారే రాడు. డిపాజిట్ కట్టి, అద్దె కట్టి, మూడేళ్లకోసారి మూడో వంతు పెరిగే అద్దెకు తట్టుకుని నిలబడగలిగేది ఎవరు? బయటి ఊళ్ల నుంచి వచ్చే పెద్ద బ్రాండ్ల షోరూములు. అక్కడ అమ్మిన డబ్బు రాత్రికి రాత్రి ఇంకో నగరంలో ఉన్న అకౌంటుకు పోతుంది, మనకు మిగిలేది నలుగురు సేల్స్ పిల్లల జీతం, మునిసిపాలిటీకి అద్దె. అద్దె వస్తుంది, నేను కాదనను. అది కనపడే లెక్క. ఇందాక నేను చెప్పిన 410 రూపాయల లెక్క ఏ రిజిస్టరులోనూ ఎక్కదు, అందుకే అది పోయినా పోయినట్టు ఎవరికీ తెలియదు.

ఇంకొక మాట, ఇది నా కోరిక మాత్రమే కాదు, చట్టంలో ఉన్నదే. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. సర్వే చేసి, గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని అందులో ఉంది. ఐదేళ్లకోసారైనా సర్వే చేయాలని ఉంది. టౌన్ వెండింగ్ కమిటీ వేయాలి, అందులో కనీసం 40 శాతం మంది అమ్ముకునేవాళ్లే ఎన్నుకున్న అమ్ముకునేవాళ్లు ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. పట్టణ జనాభాలో రెండున్నర శాతం వరకు వీధి వ్యాపారులకు చోటు చూపించాలి, అంటే లక్ష జనాభా ఉన్న ఊళ్లో 2,500 మందికి. లేపాల్సి వస్తే 30 రోజుల ముందు నోటీసు. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఆ చట్టం వెనక ఉన్న షెడ్యూలులో ఉంది: యాభై ఏళ్లకు పైబడి వీధి వ్యాపారం నడుస్తున్న సహజమైన మార్కెట్లను హెరిటేజ్ మార్కెట్లుగా ప్రకటించాలి, అక్కడివాళ్లను వేరే చోటికి తరలించకూడదు. మా అమ్మమ్మ, మా అమ్మ, ఎదురుగా నేను. మా ఒక్క ఇంటి లెక్కే యాభై దాటిపోయింది. వేపచెట్టు కింద కూర్చున్న ఎవరిని అడిగినా ఇలాంటి లెక్కే చెబుతారు. మరి మన ఊళ్లో వెండింగ్ కమిటీ ఉందా? ఉంటే అందులో మన మార్కెట్ నుంచి ఎవరున్నారు? నేను నలభై మందిని అడిగాను, ఒక్కరు కూడా ఎన్నికకు ఓటేసినట్టు చెప్పలేదు.

ఇక ఆశీలు.

ఈ ఒక్క మాట గురించి రాయడానికే ఉత్తరం మొదలుపెట్టాననుకోండి. మార్కెట్‌లో కూర్చున్నందుకు రోజూ కట్టే రుసుము. మునిసిపాలిటీ ఏడాదికోసారి వేలం వేస్తుంది, పాడుకున్నవాళ్లు మనుషుల్ని పెట్టి వసూలు చేసుకుంటారు. మా అమ్మకు చదువు రాదు కానీ ఆశీలు చీటీ మాత్రం ఎప్పుడూ పారేసేది కాదు. ఇంట్లో గోడకు ఒక ఇనప చువ్వ ఉండేది, సాయంత్రం రాగానే ఆ రోజు చీటీ చువ్వకు గుచ్చేది. "రేపు ఎవరైనా నువ్వెవరివి, ఇక్కడెందుకు కూర్చున్నావు అంటే ఇవి చూపిస్తానే" అనేది. గులాబీ రంగు, పసుపు రంగు, ఒకో ఏడాది ఒకో రంగు. ఆ చీటీల మీద అచ్చయిన అంకె 5. ఆవిడ చేతి నుంచి తీసుకున్నది 10. ఇప్పుడు మా వీధిలో చీటీ మీద 10 ఉంటుంది, తీసుకునేది 30, పండగ రోజుల్లో 50, చీటీ అడిగితే "రేపు ఇస్తాలే" అంటారు. గంపెడు వంకాయలు తెచ్చిన ముసలావిడకీ 30, వ్యాను నిండా ఉల్లిపాయలు దించినవాళ్లకీ 30. ఏడాదిలో 300 రోజులు వచ్చిందనుకుంటే 9,000 రూపాయలు. నా కొట్టుకు నేను కట్టే ట్రేడ్ లైసెన్స్ ఫీజు అందులో ఐదో వంతు కూడా ఉండదండీ. నేల మీద కూర్చున్న మనిషి షట్టరు ఉన్న నాకంటే ఎక్కువ కడుతోంది, ఆవిడకు నెత్తిన నీడ లేదు, కాళ్ల కింద సిమెంటు లేదు, పక్కనే మురుగు కాలవ, పొద్దున నాలుగింటికి ఇంటి నుంచి బయల్దేరి పదింటి వరకు వెళ్లడానికి మరుగుదొడ్డి లేదు. ఈ ఆఖరి సంగతి మహిళా కౌన్సిలర్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. మా అమ్మ మార్కెట్ రోజుల్లో పొద్దున్న నీళ్లు తాగేదే కాదు, ఆవిడకు కిడ్నీలో రాళ్లు అందుకే వచ్చాయని మా ఇంట్లో అందరి నమ్మకం.

వేలంలో పాట ఎంత ఎక్కువ పలికితే మునిసిపాలిటీకి అంత ఆదాయం అని మీరు సంతోషిస్తారు. పాడుకున్నవాడు ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు? మళ్లీ ఆ గంపల్లోంచే. పాట పది లక్షలు పెరిగితే ఆ పది లక్షలూ తోటకూర కట్టల మీదే పడతాయి.

మన గోదావరి మనుషులకు ఒక విషయం ఎవరూ నేర్పక్కర్లేదు. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేశాడు, ఊరూరా విగ్రహాలు పెట్టి దండలు వేస్తున్నాం. కానీ ఆనకట్ట ఒక్కటి కట్టి ఊరుకుంటే డెల్టా పచ్చబడేదా? ప్రధాన కాలవలు, వాటి నుంచి పిల్ల కాలవలు, వాటి నుంచి బోదెలు, చివరికి శివారు చేను మడిలోకి నీళ్లు తిరిగాయి కాబట్టి పంట పండింది. ఇప్పటికీ దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లు వదలగానే మొదట వినిపించే గోల శివారు రైతుదే, తన దాకా రాలేదని. ఊళ్లో డబ్బు కూడా అంతే. కాంప్లెక్స్‌కు ఎన్ని కోట్లు మంజూరు చేయించారన్నది తలకాలవ దగ్గర లెక్క. శివారు మడి మా మార్కెట్ వీధి. అక్కడికి తేమ వచ్చిందా లేదా అని ఎవరు చూస్తున్నారు?

పైగా మన ఊరి వ్యాపారం ఎప్పుడూ ఒకేలా ఉండదు. సార్వా, అంటే తొలి పంట, కోతలై ధాన్యం డబ్బులు పడితే సంక్రాంతికి బట్టల షాపులు కిటకిటలాడతాయి, మళ్లీ దాళ్వా డబ్బు వచ్చేదాకా నీరసం. చెరువులున్నవైపు రొయ్య ధర మీదే అంతా. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినప్పుడు భీమవరం చుట్టుపక్కల రైతులు ఎంత టెన్షన్ పడ్డారో అందరం చూశాం, ఆ నెలల్లో నా కొట్లో లైనింగ్ గుడ్డ అమ్మకం కూడా పడిపోయింది. చెరువు బాగోకపోతే కొత్త జాకెట్టు కుట్టించుకునేవాళ్లు ఉండరు. అలాంటప్పుడు కూడా ఆగకుండా నడిచింది కూరగాయల మార్కెట్ ఒక్కటే. తుపాను వచ్చిన మర్నాడు బరకం కప్పుకుని అయినా వచ్చి కూర్చుంటారు. అన్ని కాలాల్లో నిలబడే దాన్ని కదిపి ఊరవతల పెట్టడం తెలివైన పని అనిపించడం లేదు నాకు.

అప్పు సంగతి కూడా చెప్పాలి. మా వీధిలో చాలామంది రోజు వడ్డీకి తీసుకుంటారు. కాగితం మీద 10,000, చేతికిచ్చేది 9,000, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. అది తీరకముందే ఇంకొకటి. ఇదంతా తప్పించడానికే 2020లో వీధి వ్యాపారులకు అప్పిచ్చే పీఎం స్వనిధి వచ్చింది, మొదట 10,000 ఇచ్చేవారు, 2025లో మార్చాక మొదటి విడత 15,000, తీర్చితే 25,000, అదీ తీర్చితే 50,000, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ. మంచి పథకం. కానీ దానికి మునిసిపాలిటీ ఇచ్చిన గుర్తింపు కార్డో సిఫారసు లేఖో కావాలి. పొద్దున పదింటికి పంటు ఎక్కి లంకకు పోయే మనిషి పదిన్నరకు తెరిచే ఆఫీసుకు ఎప్పుడు వస్తుంది? పట్టణ పేదల కోసం పనిచేసే మెప్మా సంస్థ కార్యకర్తలను (ఆర్పీలను), వార్డు సచివాలయం వాళ్లను వారానికి ఒక్క రోజు ఉదయం ఆరింటికి మార్కెట్లో టేబుల్ వేసి కూర్చోమనండి, అక్కడికక్కడే ఫొటో, ఆధార్, సంతకం. నెల రోజుల్లో అందరికీ కార్డులు అయిపోతాయి. దీనికి కోట్లు అక్కర్లేదు, ఒక టేబులు, రెండు కుర్చీలు చాలు.

మునిసిపాలిటీ చేసే కొనుగోళ్ల గురించి రెండు మాటలు. పెద్దవాటికి టెండర్లుంటాయి, అది నాకు తెలుసు. కానీ చిన్న చిన్నవి కొటేషన్ల మీద కొంటారు కదా, పారిశుధ్య కార్మికుల యూనిఫాం కుట్టుకూలి, ఆఫీసుకు కొబ్బరి పీచు పట్టాలు, డివైడర్లలో మొక్కలు. మన డ్వాక్రా గ్రూపుల్లో కుట్టుపని వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, వాళ్లందరూ నా దగ్గరే దారం కొంటారు. కడియం నర్సరీలు మన పక్కనే ఉన్నాయి. ఇచ్చిన పనికి బిల్లు కూడా తొందరగా ఇవ్వాలి. మా అన్నయ్య ఒక మునిసిపాలిటీకి వీధి దీపాల రిపేరు చేశాడు, పద్నాలుగు నెలలకు డబ్బు వచ్చింది, ఈలోపు వదిన నగలు తాకట్టులోకి వెళ్లాయి. మళ్లీ ఆ పనికి కొటేషన్ వేయలేదు. ఊళ్లో పనివాళ్లు లేరని బయటివాళ్లను పిలిచే ముందు, ఉన్నవాళ్లు ఎందుకు రావడం లేదో కనుక్కోండి.

2027లో పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లకు, రోడ్లకు నిధులు వస్తాయి, జనం లక్షల్లో వస్తారు. 2015లో నేను చూసిందేమిటంటే, రేవు దగ్గర స్టాళ్ల జాగా మొత్తం ఒక్కరే పాడుకుని ముక్కలు చేసి మూడింతలకు అద్దెకిచ్చారు, ప్లాస్టిక్ బొమ్మల వాళ్లు తప్ప మన ఊరివాళ్లు లోపలికి పోలేకపోయారు. ఈసారి సగం జాగా అయినా వేలం లేకుండా, నామమాత్రపు రుసుముతో ఇక్కడివాళ్లకు ఇవ్వండి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, నరసాపురం లేసుకు 2024లో జీఐ, అంటే ఆ ప్రాంతపు సరుకన్న భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు కాగితం మీద ఉంటే సరిపోదు, చేసే మనిషి కొనే మనిషికి కనపడాలి. పూతరేకులు చేసే ఆవిడ, బోర్లించిన కుండ వేడెక్కగానే పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను ఒక్క ఊపులో పైన పరిచి లాగేస్తుంది, పొర లేచి వస్తుంది, వెనక అక్షరాలు కనపడేంత పల్చన. అది కళ్ల ముందు చూసినవాడు ఒక్క రేకుతో ఊరుకోడు, డబ్బా కట్టించుకుని వెళతాడు. లేసు అల్లే ఆడవాళ్లకు మధ్యలో ఏజెంటు ఇచ్చే కూలి ఎంత తక్కువో, వాళ్లకు దారం అమ్మే నాకు తెలుసు. పుష్కరాల పన్నెండు రోజులు వాళ్లు నేరుగా అమ్ముకోగలిగితే తమ పనికి అసలు ధర ఎంతో వాళ్లకే తెలుస్తుంది, తర్వాత ఏజెంటుతో మాట్లాడే తీరు మారుతుంది.

రాజ్యాంగం 74వ సవరణతో పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 పనుల జాబితాలో ఆర్థిక, సామాజిక అభివృద్ధి ప్రణాళిక ఉంది, పేదరిక నిర్మూలన కూడా ఉంది. కాబట్టి ఇది మీ పని కాదని ఎవరూ అనలేరు, మీరు పూనుకోవడం సరైనదే. నేను అడిగేది, ఆ ప్రణాళికను మార్కెట్ నుంచి మొదలుపెట్టమని. ఉన్నచోటనే రేకుల షెడ్డు, ఎత్తుగా సిమెంటు అరుగులు, మురుగు కాలవకు మూత, ఆడవాళ్లకు తాళం వేయని మరుగుదొడ్డి, మిగిలిపోయిన సరుకు మర్నాటికి ఉంచుకోవడానికి ఒక చల్లటి గది. కాంప్లెక్స్ అంచనాలో చిన్న భాగం కూడా కాదు ఇది. కాంప్లెక్స్ తప్పనిసరి అనుకుంటే బైపాస్ పక్కన ఆ ఖాళీ స్థలంలోనే కట్టండి, కార్లున్నవాళ్లు అక్కడికి రాగలరు.

ఆశీలు వేలం వచ్చే మార్చిలోపే మళ్లీ వస్తుంది. ఈలోపే ఒక నిర్ణయం చేయండి. గంపతో కూర్చునేవాళ్లకు ఆశీలు పూర్తిగా తీసేయండి, వ్యాన్లలో సరుకు దించేవాళ్ల దగ్గర తీసుకోండి. అది వెంటనే కుదరదంటే, మార్కెట్ మొగలో అందరికీ కనపడేలా పెద్ద అక్షరాలతో రేట్ల బోర్డు పెట్టి, చీటీ ఇవ్వకుండా తీసుకున్నవాళ్ల మీద చర్య తీసుకుంటామని, ఫిర్యాదు చేయాల్సిన ఫోన్ నంబరు ఇదీ అని దాని మీద రాయించండి.

మా అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆ ఇనప చువ్వ ఇప్పుడు నా కొట్లో దారపుండల అలమరా పక్కన వేలాడుతోంది, అడుగున ఉన్న చీటీల మీద అక్షరాలు చెరిగిపోయాయి కానీ పైన ఉన్నవాటి మీద మునిసిపాలిటీ ముద్ర, తేదీ ఇంకా చదవొచ్చు. ఈ మార్కెట్ ఎప్పటి నుంచి ఉందో సాక్ష్యం కావాలంటే ఏ రోజు రమ్మన్నా కౌన్సిల్ హాలుకు పట్టుకొస్తాను.

ఇట్లు,
మార్కెట్ వీధి దారాల కొట్టు నుంచి